ముఖ్య అతిథి కంటే ముందు మినిట్స్ పుస్తకం

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఒక సేవా సంస్థకు పాతికేళ్ళో యాభై ఏళ్ళో నిండుతున్నాయంటే సన్నాహాలు మొదలయ్యే తీరు ఒక్కటే. కార్యవర్గం సమావేశమవుతుంది, టీ వస్తుంది, ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలన్న చర్చ మొదలవుతుంది. ఒక పేరు తేలాక ఆ పెద్దమనిషి తేదీ కోసం ఇద్దరు ముగ్గురు ఆయన కార్యాలయం చుట్టూ తిరుగుతారు. తేదీ దొరికాక హాలు, హాలు దొరికాక ఆహ్వాన పత్రిక, పత్రికలో పేర్ల వరుస, ఆ వరుసలో తన పేరు గౌరవ అతిథుల్లో ఉందే గాని విశిష్ట అతిథుల్లో లేదని ఒకరి అలక, ఆ అలక తీర్చడానికి మరో శాలువా. సభ రోజున జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, నాలుగైదు ప్రసంగాలు అయ్యేసరికి ముఖ్య అతిథికి మరో కార్యక్రమం ఉందని ఆయన సహాయకుడు గడియారం చూపిస్తాడు. దాంతో కార్యదర్శి నివేదికను చదివినట్టుగా భావించవలసిందని సభను కోరి పక్కన పెట్టేస్తారు. ఇరవై అయిదేళ్ళ పని గురించి ఆ సభలో ఎవరి చేతిలోనైనా ఉన్న కాగితం అదొక్కటే.

బ్యాంకు ఉద్యోగంలో ఉన్నప్పుడూ పదవీ విరమణ తర్వాతా ఈ రెండు ఊళ్ళలోని కొన్ని చిన్న సంస్థలకు లెక్కలు చూసిపెట్టడం నాకు అలవాటైంది. కొన్నింటికి కోశాధికారిగానూ ఉన్నాను. అందువల్ల ఉత్సవాలను వేదిక వైపు నుంచి కంటే రసీదు పుస్తకం వైపు నుంచే ఎక్కువగా చూశాను. అక్కడి నుంచి చూడగా నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: ఇలాంటి ఉత్సవం సంస్థ తనను ఇన్నేళ్ళు పోషించిన ఊరికి లెక్క అప్పజెప్పే సందర్భం. లెక్క అంటే డబ్బు లెక్క ఒక్కటే అనుకోనక్కరలేదు. ఏం చేస్తామని మొదలుపెట్టాం, ఏం చేశాం, ఏది చేయలేకపోయాం, ఇకపై మన అవసరం ఎవరికైనా ఉందా అన్నవన్నీ అందులోకి వస్తాయి. దాన్ని సిద్ధం చేయడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. సభ ఆ పనికి చివరి అంకం. మనం చివరి అంకంతో మొదలుపెట్టి అక్కడే తెర దించేస్తున్నాం.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి ఒక కారణం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎందరో సేవారంగంలోకి వచ్చారు. సహాయ శిబిరాలు నడపడంతోనూ ఇళ్ళు కట్టించడంతోనూ మొదలైన పని కొన్నిచోట్ల పిల్లల వసతి గృహంగా, కొన్నిచోట్ల వైద్య కేంద్రంగా, మరికొన్నిచోట్ల మహిళా సంఘంగా నిలబడిపోయింది. ఆ తరంలో పుట్టిన సంస్థలకు 2027 నుంచి వరుసగా యాభై ఏళ్ళు నిండబోతున్నాయి. ఆనాడు పాతికేళ్ళ వయసున్న కార్యకర్తకు ఈనాడు డెబ్బై అయిదు దగ్గర పడుతోంది. ముఖ్య అతిథి తేదీ మరో మూడు నెలలు ఆలస్యమైనా సంస్థకు నష్టం లేదు గాని, ఈ పెద్దవాళ్ళు చెప్పగలిగింది చెప్పించుకోవడం ఆలస్యమైతే మాత్రం ఆ నష్టాన్ని ఏ స్వర్ణోత్సవ సంచికా పూడ్చలేదు.

దీనికి నాకు ఎప్పుడూ వచ్చే సమాధానం తెలుసు. పెద్ద పేరు లేకపోతే జనం రారు, పత్రికల్లో వార్త రాదు, దాతలు కదలరు అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కలెక్టరుగారు వచ్చి వెళ్ళిన తర్వాత ఏళ్ళ తరబడి కదలని స్థలం ఫైలు కదిలిన ఉదాహరణ నాకు తెలుసు, అలాంటి అవసరం ఉన్న సంస్థ అధికారిని పిలవడంలో తప్పేమీ లేదు. అయితే పత్రికల్లో మరునాడు వచ్చే వార్తను ఒకసారి జాగ్రత్తగా చదవండి: అతిథి ఏ రాజకీయ విషయం మీద వ్యాఖ్యానించారో అది శీర్షికలో ఉంటుంది, సంస్థ పేరు రెండో పేరాలో సభాస్థలాన్ని చెప్పే వాక్యంలో తేలుతుంది. ఇక విరాళాల సంగతికి వస్తే, పెద్దమనిషి ముఖం చూసి ఇచ్చినవారు ఇచ్చింది ఆయనకే గాని సంస్థకు కాదు. ఉత్సవం జరిగిన మరుసటి ఏడాది రసీదు పుస్తకంలో ఆ పేర్లు వెతికితే ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. ఏటా అయిదు వందలో వెయ్యో పంపే ఉపాధ్యాయుడి పేరు, తల్లి ఆబ్దికం నాడు పిల్లలకు భోజనం పెట్టించే కిరాణా వ్యాపారి పేరు మాత్రం అక్కడే ఉంటాయి. వీళ్ళకు ఆహ్వానం పోస్టులో వెళ్తుంది, కుర్చీ పదో వరుసలో ఉంటుంది.

విజయవాడలో బందరు రోడ్డు మీద ఇప్పుడు బాపు మ్యూజియం అని పిలుస్తున్న పాత భవనం ఒక ఉత్సవం కోసమే పుట్టింది. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 1887లో దానికి శంకుస్థాపన చేశారు, చాలాకాలం దాని పేరు కూడా విక్టోరియా జూబిలీ మ్యూజియమే. ఆ రోజు ఎవరు ఏం ప్రసంగించారో ఈనాడు ఎవరికీ అక్కరలేదు; భవనం మాత్రం మిగిలింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైనప్పుడు, రాణిగారి పేరు మీద కట్టిన ఆ చోటే ఆమె వారసుల పాలన మీద పోరాటానికి వేదికైంది. పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీకి అందించింది కూడా ఆ సమావేశాల సందర్భంలోనే. నన్ను ఎక్కువగా ఆకర్షించేది మాత్రం అక్కడ చేసిన తీర్మానం. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటి మంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు, ఇవన్నీ జూన్ 30 లోగా జరగాలన్నారు. అంకె ఉంది, గడువు ఉంది, పని ఎవరిదో స్పష్టత ఉంది. మన స్వర్ణోత్సవ సభల్లో "భవిష్యత్తులో మరిన్ని సేవా కార్యక్రమాలు విస్తరిస్తాం" అనే వాక్యం విన్నప్పుడల్లా నాకు ఆ తీర్మానమే గుర్తుకొస్తుంది, ఎందుకంటే ఆ వాక్యంలో అంకె లేదు, గడువు లేదు, పని ఎవరిదో లేదు.

కాబట్టి పని మినిట్స్ పుస్తకంతో, అంటే సమావేశాల చర్చలూ తీర్మానాలూ రాసిపెట్టే పుస్తకంతో, మొదలు కావాలి. మొదటి సమావేశానికి ఎవరెవరు వచ్చారు, బైలాలో, అంటే సంస్థ నియమావళిలో, ఆశయాలుగా ఏం రాసుకున్నారు, మధ్యలో వాటిని ఎప్పుడు, ఎందుకు మార్చారు అన్నది ముందు చూడాలి. చాలా సంస్థలకు తమ పుట్టినరోజు ఏదో కూడా నికరంగా తెలియదు. నలుగురు కలిసి పని ప్రారంభించిన రోజు ఒకటి, సొసైటీగా రిజిస్ట్రేషన్ అయిన రోజు మరొకటి, సొంత భవనంలోకి మారిన రోజు ఇంకొకటి. నాస్తికోద్యమ నాయకుడు గోరా, ఆయన భార్య సరస్వతీ గోరా నాస్తిక కేంద్రాన్ని 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించి, 1947లో విజయవాడకు తరలించారు. ఆ సంస్థ తన వయసును ముదునూరు నుంచే లెక్కపెట్టుకుంటుంది. నా దృష్టిలో అదే సరైన పద్ధతి. రిజిస్ట్రేషన్ తేదీ ప్రభుత్వానికి కావాలి, పని మొదలైన తేదీ సంస్థకు కావాలి. అయితే రిజిస్ట్రేషన్ కాగితాలను ఈ సందర్భంలోనే తిరగేయడం మంచిది. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం తర్వాత కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు అందించాలి. ఎన్ని సంస్థలు దీన్ని ఏళ్ళ తరబడి వదిలేశాయో ఉత్సవాల ఏడాదిలో బయటపడుతుంది. కాలం చేసిన ఉపాధ్యక్షుడు కాగితాల్లో ఇంకా పదవిలోనే ఉన్న సంస్థను నేను చూశాను.

ఈ పుస్తకాలు సాధారణంగా కార్యదర్శి ఇంట్లో, అటక మీదో మంచం కింద పెట్టెలోనో ఉంటాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు ఇళ్ళలో ఏమేం తడిసిపోయాయో తెలిసిన ఊరు మనది. అందుకని ఉత్సవ బడ్జెట్‌లో మొదటి ఖర్చుగా పాత రికార్డులన్నింటినీ స్కాన్ చేయించి రెండు చోట్ల దాచే ఖర్చును రాయాలని నేను పట్టుబడతాను. ఎల్‌ఈడీ తెరకు ఒక సాయంత్రానికి చెల్లించే అద్దెతో పోలిస్తే అది పెద్ద మొత్తమేమీ కాదు. రెండో పని పెద్దల మాటలను రికార్డు చేయడం. దానికి సెల్‌ఫోను చాలు, ఓపికగా వినే ఇద్దరు కుర్రవాళ్ళు చాలు. వ్యవస్థాపకులతో ఆగకూడదు, తొలినాళ్ళలో వంట చేసిన ఆమెను, జీతం లేని నెలల్లోనూ వచ్చి పాఠం చెప్పిన టీచరమ్మను, అన్నిటికంటే ముఖ్యంగా గొడవపడి విడిపోయినవారిని కూడా అడగాలి. విడిపోయినవారు చెప్పే చరిత్ర సంచికలో అచ్చువేయడానికి ఇబ్బందిగా ఉండవచ్చు గాని, సంస్థ ఎక్కడ దారి మళ్ళిందో చెప్పగలిగేది తరచుగా వాళ్ళే. ఉత్సవం వాళ్ళను మళ్ళీ గడప దాటించి లోపలికి పిలవడానికి దొరికే గౌరవప్రదమైన సాకు కూడా.

రాసిపెట్టుకోవడం వల్ల ఏం ఒరుగుతుందో గ్రంథాలయోద్యమాన్ని చూస్తే తెలుస్తుంది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914 ఏప్రిల్ 10న ఈ విజయవాడలోనే పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించడంతో సరిపెట్టుకోలేదు; "గ్రంథాలయ సర్వస్వం" అని పత్రిక నడిపారు, మహాసభల నివేదికలు అచ్చువేయించారు. 1930లలో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పిన సంగతి మనకు ఈనాడు తెలుస్తున్నదంటే, ఆ తరానికి పని ఎంత ముఖ్యమో పని గురించి రాయడమూ అంతే ముఖ్యమైనందువల్లనే. వాళ్ళ దగ్గర ఫ్లెక్సీలు లేవు, డ్రోన్ వీడియోలు లేవు.

ఇప్పుడు డబ్బు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఉత్సవ కమిటీలు తెలియక చిక్కుల్లో పడేది ఇక్కడే. ఊళ్ళోని కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల నుంచి సభ ఖర్చు పెట్టిస్తామని ఎవరో ఒకరు మాట ఇస్తారు. కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించవలసిన మాట నిజమే గాని, మారథాన్లు, అవార్డులు, ప్రకటనల వంటి ఒక్కసారితో అయిపోయే కార్యక్రమాల ఖర్చు దాని కిందికి రాదని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2014 జూన్ 18 నాటి సర్క్యులర్‌లోనే స్పష్టం చేసింది. విదేశీ విరాళాలు అందుకునే సంస్థలైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ డబ్బు ఏ పనికి వచ్చిందో ఆ పనికే వాడాలి, పైగా విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత అందులో పరిపాలనా ఖర్చు ఇరవై శాతానికి మించకూడదు. నగదు చందాల విషయంలో రెండు వేల రూపాయలు దాటితే దాతకు ఆ విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఈ సంగతి ముందే చెప్పకుండా నోట్ల కట్ట తీసుకుని తర్వాత రసీదును రెండు వేల చొప్పున ముక్కలు చేయడం కొన్నిచోట్ల మామూలైపోయింది. ఆడిటరు కళ్ళు మూసుకున్నా అది తప్పే. పేరు చెప్పడానికి ఇష్టపడని దాత ఇచ్చిన పెద్ద మొత్తం కూడా సంస్థకు మేలు కంటే చిక్కే తెస్తుంది, ఎందుకంటే ఎవరిచ్చారో చెప్పలేని విరాళాలు ఒక పరిమితి దాటితే వాటిపై ముప్పై శాతం పన్ను పడుతుంది.

ఇంకొక సంగతి. ఉత్సవ సంవత్సరంలో వసూళ్ళు మామూలు కంటే ఎక్కువగా వస్తాయి, అవి తరచుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు గాని సొసైటీ గాని ఏడాది ఆదాయంలో ఎనభై అయిదు శాతాన్ని తన ఆశయాల మీద ఖర్చు చేయాలి. ఖర్చు చేయలేని మొత్తాన్ని భవనం వంటి నిర్దిష్ట ప్రయోజనానికి కూడబెట్టుకోదలిస్తే తీర్మానం చేసి, గడువులోగా ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలి. శాశ్వత నిధికి ఇస్తున్నట్టు దాత రాతపూర్వకంగా చెబితే అది మూలధనంగా నిలుస్తుంది, బ్యాంకు డిపాజిట్ వంటి అనుమతించిన పద్ధతుల్లో ఉంచాలి. నేను ఉత్సవ కమిటీలకు ఎప్పుడూ చెప్పేది, సభ బడ్జెట్ ఎంతో శాశ్వత నిధి లక్ష్యం కనీసం అంత ఉండాలని. అయిదు లక్షలతో సభ చేసే సంస్థ మరో అయిదు లక్షలు నిధిగా నిలపగలిగితే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏటా ముప్పై అయిదు వేలు వస్తాయి. ఒకరిద్దరు పిల్లల పుస్తకాలకూ పరీక్ష ఫీజులకూ అది ప్రతి ఏడాదీ ఆసరాగా ఉంటుంది. నిధి పెట్టలేని ఏడాది సభ ఖర్చును తగ్గించుకోవాలి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది లబ్ధిదారులను వేదిక ఎక్కించే పద్ధతి. వసతి గృహంలో చదువుకున్న అమ్మాయిని నిలబెట్టి, తండ్రి తాగుబోతని, తల్లి చనిపోయిందని, ఈ సంస్థ లేకపోతే తాను ఏమైపోయేదో తెలియదని ఆమె చేతే చెప్పిస్తారు. ఆమె ఏడుస్తుంది, మైకు పట్టుకున్నవారు "చప్పట్లు" అంటారు. ఈ దృశ్యం కోసం రెండు మూడు రోజులు ముందుగా రిహార్సల్ చేయించిన సందర్భాలూ ఉన్నాయి. సంస్థ పని ఆమెకు ఆత్మగౌరవం ఇవ్వడమైతే, ఉత్సవం రోజున దాన్నే తిరిగి అడుగుతున్నామన్నమాట. చట్టం సంగతి కూడా చెప్పాలి: సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, బడి, చిరునామా వంటి గుర్తింపు వివరాలను ప్రచార మాధ్యమాల్లో బయటపెట్టడాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది, ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సావనీర్‌లో, అంటే ఉత్సవ సంచికలో, పిల్లల ఫొటోల కింద పేర్లు, తల్లిదండ్రుల వివరాలు అచ్చువేసే సంస్థలు దీన్ని ఒకసారి చదవాలి. ఇరవై ఏళ్ళ క్రితం బయటికి వెళ్ళి ఈనాడు నర్సుగానో, గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగానో, సొంత దుకాణం పెట్టుకునో స్థిరపడిన పెద్దవాళ్ళను పిలిచి, ఏం మాట్లాడాలన్నది వాళ్ళకే వదిలేస్తే అది వేరే విషయం. వాళ్ళలో కొందరు సంస్థను విమర్శిస్తారు. అన్నం బాగుండేది కాదని, వార్డెన్ కొట్టేదని చెప్పిన మాటను కూడా వేదిక మీద వినగలిగితే ఆ సంస్థ మీద నాకు గౌరవం పెరుగుతుంది.

సన్మానాల గురించి ఎక్కువ చెప్పను. శాలువాలు, జ్ఞాపికలు తీసుకునేవారి ఇళ్ళలో వాటికి చోటు లేదన్నది అందరికీ తెలిసిన విషయమే. సన్మానించాలనుకుంటే పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న ఆయాను, డ్రైవరును, తక్కువ జీతానికే ఉండిపోయిన అకౌంటెంటును సన్మానించాలి, శాలువాతో కాకుండా బకాయి పడ్డ భవిష్య నిధి చందాతోనో, ఆరోగ్య బీమాతోనో. వేదికకు మెట్లు తప్ప ర్యాంపు లేని హాలులో దివ్యాంగుల కోసం పనిచేసే సంస్థ ఉత్సవం జరుపుకోవడం, సన్మానం అందుకోవలసిన వ్యక్తిని కుర్చీతో సహా నలుగురు మోసుకెళ్ళడం నేను కళ్ళారా చూశాను. హాలు ఖాయం చేసే ముందు కమిటీలో ఒకరైనా వెళ్ళి మెట్లు లెక్కపెట్టి ఉంటే ఆ అవమానం తప్పేది.

సావనీర్ సంగతి వేరు. దాన్ని మానేయాలనేవారితో నేను ఏకీభవించను. కాని ఇప్పుడు వస్తున్న రూపంలో అది పది పేజీల సందేశాలు, నలభై పేజీల "శుభాకాంక్షలతో" ప్రకటనలు, మధ్యలో ఎక్కడో సంస్థ చరిత్ర. వెనుక అట్టకు ఇంత, లోపలి అట్టకు ఇంత, అర పేజీకి ఇంత అని రేటు కార్డు పట్టుకుని కమిటీ సభ్యులు గవర్నరుపేటలోనూ అరండల్‌పేటలోనూ ఆసుపత్రుల చుట్టూ తిరగడానికి వెచ్చించే శ్రమలో సగం పెడితే మంచి చరిత్ర రాయవచ్చు. ప్రకటనలన్నీ చివరి పేజీల్లోకి నెట్టి, ముందు ఇరవై అయిదేళ్ళ జమాఖర్చుల సారాంశాన్ని ఒక్క పట్టికగా వేయాలి: ఏ ఏడాది ఎంత వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది, ఎంత దేనికి పోయింది. ఆ పట్టికను చదివే పాఠకుడు ఏ సందేశం చదివినా కలగనంత నమ్మకంతో చెక్కు రాస్తాడని కోశాధికారిగా నాకు గట్టి విశ్వాసం.

భోజనంలో మాత్రం పొదుపు వద్దంటాను. ఈ మాట కొందరు మిత్రులకు వింతగా తోస్తుంది; సేవా సంస్థ సొమ్ముతో విందులేమిటని అడుగుతారు. పాత విద్యార్థులు, కార్యకర్తలు, దాతలు, ఉద్యోగులు ఒకే బంతిలో కూర్చుని తినే గంట సేపే ఉత్సవంలో నిజంగా మనుషులు మాట్లాడుకునే సమయం. అయితే అతిథులకు లోపలి గదిలో వేరే వడ్డన, మిగిలినవారికి బయట షామియానా కింద వరుస పెట్టే ఏర్పాటు ఉంటే ఆ ప్రయోజనం పోయినట్టే. పదిహేను రకాల బఫే కంటే ముద్దపప్పు, గోంగూర, ఒక కూర, పులిహోర, పెరుగుతో కూర్చోబెట్టి వడ్డించే అరటాకు భోజనం చవక కూడా. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధమన్నది గుర్తుంచుకుంటే ఆకుకూ గుడ్డ బ్యానరుకూ మారడం తప్పనిసరి కూడా.

తేదీ, హాలు నిర్ణయించేది ఇవన్నీ ఒక కొలిక్కి వచ్చాకే. ఏప్రిల్, మే నెలల ఎండలో డెబ్బై అయిదేళ్ళ వ్యవస్థాపకులను బయటికి రమ్మనడం దయలేని పని. దసరా పది రోజులూ ఇంద్రకీలాద్రికి వచ్చే జనంతో విజయవాడలో గది దొరకదు. ముహూర్తాల నెలల్లో హాలు దొరకదు, దొరికినా వంటవాళ్ళు దొరకరు. మార్చి పరీక్షల నెల. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరాలు మళ్ళీ 2028లో వస్తాయి గనుక, ఆ ఏడాది స్వర్ణోత్సవం ఉన్నవారు ఇప్పుడే చూసుకోవాలి. నవంబరు చివరి నుంచి సంక్రాంతి లోపు ఒక ఆదివారం ఉదయం నాకు నచ్చిన సమయం. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో గాని, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో గాని చేస్తే హుందాగా ఉంటుందన్న కోరికను అర్థం చేసుకోగలను. అయినా సొంత ఆవరణ ఉన్న సంస్థ అక్కడే చేయడం మేలు, ఎందుకంటే వచ్చినవారు పని జరిగే చోటును చూస్తారు, కారుతున్న కప్పునూ చూస్తారు.

చివరిగా ఎవరూ అడగడానికి ఇష్టపడని ప్రశ్న. ఉప్పెనలో ఇళ్ళు కోల్పోయినవారికి ఇళ్ళు కట్టడానికి పుట్టిన సంస్థ ఇళ్ళు కట్టడం పూర్తయ్యాక ఏం చేయాలి? కొన్ని సంస్థలు కొత్త అవసరాన్ని గుర్తించి మారాయి. కొన్ని మాత్రం భవనం ఉంది గనుక, ఉద్యోగులు ఉన్నారు గనుక, వ్యవస్థాపకుడి కుటుంబం ఉంది గనుక నడుస్తున్నాయి. యాభయ్యో ఏట కార్యవర్గం ఒక రోజంతా కూర్చుని, ఈ సంస్థ రేపు మూతపడితే ఎవరికి నష్టం అన్న ప్రశ్నకు కాగితం మీద సమాధానం రాయాలి. నష్టపోయేవారి పేర్లు రాయగలిగితే వచ్చే పదేళ్ళకు అంకెలతో, గడువులతో ప్రణాళిక వేసి, కార్యవర్గంలో సగం పదవులను నలభై ఏళ్ళ లోపువారికి అప్పగించి, ఆ ప్రణాళికను ఉత్సవ సభలో వాళ్ళ చేతే చదివించాలి. రాయలేకపోతే ఆస్తులను అదే ఆశయమున్న మరో సంస్థకు చట్టప్రకారం అప్పగించి గౌరవంగా ముగించవచ్చు. సొసైటీ ఆస్తులను సభ్యులు పంచుకోవడానికి చట్టం ఎలాగూ ఒప్పుకోదు. స్వర్ణోత్సవాన్నే వీడ్కోలు సభగా జరుపుకునే ధైర్యం ఏ సంస్థకైనా ఉంటే, ఆ సభకు నేను పిలవకుండానే వెళ్తాను.

సభ అయ్యాక నెల రోజుల్లో ఉత్సవ ఖాతా మూసేయాలి. మైకు సెట్టు, షామియానా, క్యాటరింగ్ బిల్లులన్నీ చెల్లించి, వసూలైనదెంత, ఖర్చయినదెంత, మిగిలినదెంత అన్నది ఒక పేజీలో రాసి, అయిదు వందలు ఇచ్చినవారితో సహా దాతలందరికీ పంపాలి. మిగులు ఏ పద్దులోకి వెళ్ళాలో సర్వసభ్య సమావేశం తీర్మానించి, ఆ తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాసి, హాజరైనవారందరూ సంతకాలు చేయాలి.